మే డే సెలవు ఎక్కడి నుంచి వచ్చింది, మా షాపు ఓనర్ ఎందుకివ్వడు?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. మే డే ఎక్కడ పుట్టింది? అమెరికాలో పుట్టిందంటారు కదా, మరి వాళ్లు సెప్టెంబర్‌లో ఎందుకు చేసుకుంటారు? హన్మకొండలో మీరు పనిచేసే బట్టల షాపులో సెలవు అడిగితే ఓనర్ "కార్మికుల పండుగ అంటే పనిచేసేవాళ్ల పండుగ, కాబట్టి పని చేయండి" అన్నాడు, అందులో నిజమెంత? చివరిది చదివి నవ్వొచ్చింది. నేను వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాగా చేసిన రోజుల్లో మా సేటు కూడా సరిగ్గా ఇదే అనేవాడు, ఓనర్లకు ఎక్కడో ట్రైనింగ్ ఇస్తారేమో తెలియదు.

మే డే మొత్తం గంటల గొడవండి. రోజుకు ఎన్ని గంటలు పని చేయించుకోవచ్చు, మిగిలిన టైం ఎవరిది, అంతే. శ్రామికుడే దేశానికి వెన్నెముక అనే ఫ్లెక్సీలు, శాలువాలు, సన్మానాలు అన్నీ తర్వాత వచ్చి చేరినవే.

అమెరికాలో అప్పట్లో పది గంటలు, పన్నెండు గంటలు పని మామూలు. 1884లో అక్కడి కార్మిక సంఘాల సమాఖ్య ఒక తీర్మానం చేసింది, 1886 మే 1 నుంచి ఎనిమిది గంటలే పనిదినం అని. ప్రభుత్వాన్ని బతిమాలడం కాదు, తేదీ పెట్టేశారు, ఆ రోజు దాటాక అంతకుమించి చేయం అని. ఆ తేదీ రాగానే లక్షల మంది సమ్మెకు దిగారు, షికాగోలో ఎక్కువ. మే 3న అక్కడి మెకార్మిక్ కోత యంత్రాల ఫ్యాక్టరీ దగ్గర పోలీసులు కాల్పులు జరిపితే కార్మికులు చనిపోయారు. దానికి నిరసనగా మరుసటి రోజు రాత్రి హేమార్కెట్‌లో సభ పెట్టారు. సభ దాదాపు అయిపోయింది, జనం వెళ్లిపోతున్నారు, అప్పుడు పోలీసులు వచ్చి చెదరగొట్టబోతే ఎవరో బాంబు వేశారు. ఏడుగురు పోలీసులు పోయారు, కార్మికులు కూడా పోయారు. వేసింది ఎవరో ఇప్పటికీ తేలలేదు. తేలకపోయినా ఎనిమిది మంది మీద కేసు నడిచింది, ఏడుగురికి ఉరిశిక్ష పడింది. 1887 నవంబర్ 11న నలుగురిని ఉరితీశారు: ఆగస్ట్ స్పైస్, ఆల్బర్ట్ పార్సన్స్, అడాల్ఫ్ ఫిషర్, జార్జ్ ఎంగెల్. లూయీ లింగ్ అనే కుర్రాడు ముందురోజే జైల్లో ప్రాణం తీసుకున్నాడు. మిగిలిన ముగ్గురిని 1893లో ఇల్లినాయిస్ గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ విడిచిపెడుతూ, ఆ విచారణే న్యాయంగా జరగలేదని రాశాడు.

1889లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ మహాసభలో వచ్చే ఏడాది మే 1న అన్ని దేశాల్లో ఎనిమిది గంటల కోసం ప్రదర్శనలు చేయాలనుకున్నారు, 1890 నుంచి అది ఆనవాయితీ అయింది. అమెరికా సంగతి వేరు. న్యూయార్క్ సంఘాలు 1882 సెప్టెంబర్‌లో ఒక ఊరేగింపు తీశాయి, 1894లో పుల్‌మన్ రైలు పెట్టెల కంపెనీ సమ్మె నడుస్తుండగానే అధ్యక్షుడు క్లీవ్‌లాండ్ సెప్టెంబర్ మొదటి సోమవారాన్ని సెలవు చేస్తూ సంతకం పెట్టాడు. మే 1 అంటే హేమార్కెట్ గుర్తొస్తుంది, అందుకే ఆ తేదీ వద్దనుకున్నారని చాలామంది చెప్పే కారణం. నాకైతే నమ్మబుద్ధే అవుతుంది.

మన దేశంలో మొదటి మే డే 1923లో మద్రాసు బీచ్‌లో, కార్మిక నాయకుడు సింగారవేలు చెట్టియార్ చేశారు. పని గంటల చట్టాల కథ దీనితో పాటే నడిచింది. 1922లో ఫ్యాక్టరీల్లో వారానికి 60 గంటలు, 1934లో 54, అంబేడ్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన కాలంలో వచ్చిన 1946 సవరణతో 48. ఆయన 14 గంటల్ని ఒక్కసారే 8 చేశారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. అంత పెంచి చెప్పక్కర్లేదు, వారానికి ఆరు గంటలు తగ్గించడం చిన్న పనేం కాదు.

ఇక వరంగల్. మా బాపు ఆజంజాహి మిల్లులో స్పిన్నింగ్‌లో చేశాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన మిల్లు. దాని సైరన్ మోగితే చుట్టుపక్కల ఇళ్లలో గడియారాలు సరిచేసుకునేవాళ్లు. బాపు షిఫ్టు దిగి వచ్చి స్నానం చేసి, అరుగు మీద కూర్చుని పేపరు చదివేవాడు. మొత్తం చదివేవాడు, టెండర్ ప్రకటనలు, తప్పిపోయినవాళ్ల ఫోటోలతో సహా. అమ్మ చాయ్ చల్లారిపోతుందని అరిచేది. షికాగో సమ్మె రోజుల్లో కార్మికుల నినాదం ఉండేది, ఎనిమిది గంటలు పనికి, ఎనిమిది గంటలు విశ్రాంతికి, ఎనిమిది గంటలు మా ఇష్టానికి అని. ఆ మూడో ఎనిమిది అంటే నాకు మా బాపు పేపరే. 2002లో మిల్లు మూతపడ్డాక ఆయనతో చేసినవాళ్లలో కొందరు అపార్ట్‌మెంట్లలో వాచ్‌మెన్లుగా చేరారు, పన్నెండు గంటల డ్యూటీ. షికాగోవాళ్లు వదిలించుకుందామనుకున్న పన్నెండు గంటలే.

ఎనుమాములలో మే డే ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే అక్కడే నాకు ఈ సెలవు విలువ తెలిసింది. మార్కెట్‌కు సెలవు, సరుకు తేవద్దని రైతులకు ముందే ప్రకటిస్తారు. కానీ ఏప్రిల్ 30 సాయంత్రం చూడాలి. మిర్చి సీజన్ ఇంకా పూర్తిగా పోదు, రేపు బంద్ కాబట్టి కొన్న సరుకంతా ఇవాళే లారీ ఎక్కాలని ఖరీదుదార్ల తొందర. ఒక్కో బస్తా 40 కిలోల పైచిలుకు. హమాలీ ఇనుప కొక్కెం బస్తా మూలకు గుచ్చి, వంగి, వీపు మీదికి లాక్కుని చెక్క మీదుగా లారీలోకి పోతాడు. ఆ ఘాటుకు ముక్కుకు తువ్వాల కట్టుకున్నా దగ్గు ఆగదు. రాత్రి చాలాసేపటి దాకా అదే పని. నేను చిట్టీలు రాస్తూ కూర్చునేవాణ్ణి, నాకే తుమ్ములు.

పొద్దున అదే మనుషులు ఎర్రచొక్కాలు ఇస్త్రీ చేయించుకుని వచ్చేవాళ్లు. ఎండ ముదరకముందే జెండా ఎగరేయడం అయిపోవాలి. హమాలీలు, తూకం వేసే దడువాయిలు, చాట కూలీ ఆడవాళ్లు అందరూ. ఏ సంఘం జెండా ఆ సంఘానిదే, మధ్యలో ఎవరి ఉపన్యాసం ఎక్కువసేపు సాగిందని చిన్న గొడవలు కూడా. తర్వాత మజ్జిగ, పులిహోర. సాయంత్రం దావత్ సంగతి నేను చెప్పనక్కర్లేదు.

ఒక పెద్ద హమాలీని ఒకసారి అడిగాను, "కాకా, నీకు ఎనిమిది గంటలు ఎక్కడివి, బస్తాకింత అని కదా నీ లెక్క?" అని. ఆయన "అవు బిడ్డా, మాకు గంటలు లెవ్వు. గని ఈ ఒక్కనాడు నన్ను ఎవడు పిలిచినా రాను. సేటు పిలిచినా రాను" అన్నాడు. నాకు తెలిసినంతలో మే డేకి ఇంతకంటే సరైన వివరణ ఎక్కడా వినలేదు. కూలీ అడ్డా మీద నిలబడేవాళ్లకు, బీడీలు చుట్టే ఆడవాళ్లకు, బైక్ మీద పార్సిళ్లు తెచ్చే పిల్లలకు ఈ ఒక్కరోజు కూడా ఉండదు. పని మానేస్తే ఆ రోజు పైసలు రావు, అంతే.

గంటల గొడవ అయిపోయిందనుకోకండి. 2025 జూలైలో మన రాష్ట్రంలో షాపులు కాకుండా మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా చేయించుకోవచ్చని, వారానికి 48 దాటితే ఓటీ ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. వారం లెక్క మారలేదు కదా అనేవాళ్లున్నారు. ఆ ఉత్తర్వు మీ షాపుకు వర్తించదు గానీ, నిలబడి చీరలు విప్పి చూపించి మళ్లీ మడతపెట్టే మీకే తెలియాలి రోజుకు పది గంటలంటే ఏంటో.

ఇప్పుడు మీ ఓనర్ మాటకు వస్తా. జాతీయ, పండుగ సెలవుల మీద 1974 నాటి రాష్ట్ర చట్టం ఉంది, ఇప్పటికీ తెలంగాణలో నడుస్తోంది. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2తో పాటు మే 1 కూడా అందులో జీతంతో కూడిన సెలవే, షాపులకు కూడా వర్తిస్తుంది. ఆ రోజు పని చేయించుకుంటే రెట్టింపు జీతం ఇవ్వాలి, లేదంటే ఆ రోజు జీతంతో పాటు బదులు సెలవు ఇవ్వాలి. ఈసారి వాదన పెట్టుకోకుండా ముందే ఏప్రిల్‌లో అడగండి, "సెలవిస్తారా, డబుల్ ఇస్తారా సార్" అని, రెండింట్లో ఒకటి ఎంచుకోమన్నట్టు. ఒక్కరే పోవద్దు, షాపులో నలుగురుంటే నలుగురూ కలిసి అడగండి, ఒక్కరైతే వాళ్లను పండుగ అయ్యాక పీకేయడం తేలిక. అప్పటికీ వినకపోతే లేబర్ ఆఫీసులో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌ని కలిసి రాతపూర్వకంగా ఇవ్వండి, హాజరు రిజిస్టర్‌లో మే 1 పేజీ ఫోటో ఉంటే ఇంకా మంచిది.