వైమార్ రిపబ్లిక్: సంతకం ఎవరు పెట్టారో చూడండి

"వైమార్ రాజ్యాంగం రాసినవాళ్ళకు తెలివి లేకపోవడం వల్లేనా, జర్మనీలో ప్రజాస్వామ్యం పద్నాలుగేళ్ళకే కూలిపోయింది?" అని అడిగారు. కాదండీ. అది మొదటి ప్రపంచయుద్ధంలో ఓడాక 1919లో జర్మనీ రాసుకున్న రాజ్యాంగం. రాజ్యాంగం సంగతి తర్వాత, ముందు మా ఇంటి గొడవ ఒకటి చెప్పనివ్వండి.

మా పెదతాతయ్య గోదావరి జిల్లాలో రైసుమిల్లు నడిపేవాడు. లెక్కలు ఆయనవే, తాళాలు ఆయన మొలలోనే. మా తాతయ్యని గల్లాపెట్టె దరిదాపులకు రానిచ్చేవాడు కాదు. అప్పులవాళ్ళు వచ్చి అరుగు మీద కూర్చున్న రోజు మాత్రం ఉన్నట్టుండి నడుంనొప్పి పట్టుకుంది. "తమ్ముడూ, నువ్వెళ్ళి ఆ నోటు మీద సంతకం పెట్టి పంపించెయ్" అన్నాడు. తాతయ్య పెట్టాడు. మిల్లు పోయింది. "చిన్నాయన చెయ్యి పడ్డాకే మిల్లు మునిగింది" అని ఊళ్ళో ఇప్పటికీ అంటారు.

1918లో జర్మనీలో జరిగింది అచ్చం ఇదే. సెప్టెంబరు 29న "ఇక గెలవలేం, వెంటనే యుద్ధం ఆపమని అడగండి" అన్నది లూడెన్‌డార్ఫ్, సైన్యాన్ని నడిపిన మనిషి. అప్పటిదాకా ఎవరి మాటా వినని పెద్దలు అప్పుడు పార్టీలవాళ్ళని పిలిచి ప్రభుత్వంలో కూర్చోబెట్టారు. నవంబరు 9న కైజర్, అంటే జర్మనీ చక్రవర్తి, గద్దె పోయింది, మర్నాడు ఆయన హాలండ్ చేరిపోయాడు. 11న ఫ్రాన్స్‌లోని కాంపియేన్ అడవిలో, రైలుపెట్టెలో జరిగిన యుద్ధవిరమణ సంతకాలకు జట్టు పెద్దగా వెళ్ళింది ఎర్ట్స్‌బర్గర్ అనే పార్లమెంటు సభ్యుడు. లూడెన్‌డార్ఫ్ కాదు, ఆయన పై సేనాధిపతి హిండెన్‌బర్గ్ కాదు. 1921లో ఎర్ట్స్‌బర్గర్ షికారుకి వెళ్తే దారిలో కాల్చి చంపారు. సంతకం పెట్టిన పాపానికి.

ఇదంతా నాకు పుస్తకంలో ఎక్కలేదు. హైదరాబాద్‌లో రెండేళ్ళు గ్రూప్స్ కోచింగ్ తీసుకున్నాను. అక్కడ వైమార్ అంటే ఒక్క లైను: "ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల నిలుపుదల ఎక్కడి నుంచి తీసుకున్నాం?" జవాబు బట్టీ పట్టడం, టిక్కు పెట్టడం, అంతే. వైమార్ ఊరి పేరో మనిషి పేరో కూడా చెప్పలేదు. అంత ఫీజు ఎందుకు కట్టించుకున్నారో ఇప్పటికీ అర్థం కాదు. ఇదే నిబంధన గురించి మన రాజ్యాంగ సభలో కామత్ గారు, జర్మనీని చూసి బుద్ధి తెచ్చుకోండి అన్న ధోరణిలో గట్టిగా వాదించారని తర్వాత చదివి, అప్పుడే చెప్పుంటే ఎంత బావుండేది అనుకున్నాను.

మావారి ఉద్యోగం వల్ల జర్మనీలోని ఎర్ఫర్ట్ వచ్చాక జర్మన్ క్లాసుకి వెళ్ళాను. భాష అయ్యాక దేశం గురించి కూడా పాఠాలు చెప్తారు. ఒక సాయంత్రం మా టీచరమ్మ పాత పోస్టుకార్డు ఒకటి తెర మీద వేసింది. అందులో కైజర్, హిండెన్‌బర్గ్ ఫుల్ యూనిఫాంలో ఉన్నారు. వాళ్ళతోపాటు ఇంకో ఇద్దరు, మోకాలిలోతు నీళ్ళలో, ఒట్టి చెడ్డీలతో. ముందుకొచ్చిన బొజ్జలు, తడిసిన జుట్టు. కింద "అప్పుడు, ఇప్పుడు" అని రాసి ఉంది. "వీళ్ళలో దేశాధ్యక్షుడు ఎవరు?" అని అడిగింది. క్లాసంతా హిండెన్‌బర్గ్ వైపు వేలు చూపించాం. నేనైతే ఆ బొజ్జాయన్ని చూసి నవ్వాను కూడా.

ఆ బొజ్జాయనే అధ్యక్షుడు ఎబర్ట్. పక్కనున్నది రక్షణమంత్రి నోస్కె. బాల్టిక్ ఒడ్డుకి వెళ్తే ఎవరో తీసిన ఫోటో. 1919 ఆగస్టులో, సరిగ్గా ఆయన అధ్యక్షుడిగా ప్రమాణం చేసే రోజుల్లో, బెర్లిన్ వారపత్రిక ఒకటి ముఖచిత్రంగా వేసింది. గుర్రపు జీన్లు కుట్టి బతికిన మనిషి, యుద్ధంలో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రి. దేశానికి గుర్తుండిపోయింది మాత్రం ఆ చెడ్డీ. "నువ్వు నవ్వినట్టే వాళ్ళూ నవ్వారు" అంది టీచరమ్మ. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తర్వాతి వారం మమ్మల్ని వైమార్ తీసుకెళ్ళింది, రైల్లో పావుగంట. బెర్లిన్‌లో తుపాకులు పేలుతున్నాయని రాజ్యాంగ సభని ఇక్కడి నాటకశాలలో పెట్టారు. బయట గోథే, షిల్లర్ విగ్రహం, గోడకి ఒక ఫలకం. అంతే. నాకేమో లోపలున్న ఆడవాళ్ళే కళ్ళముందు మెదిలారు. 1919 జనవరి ఎన్నికల్లో మొదటిసారి ఆడవాళ్ళు ఓటేశారు, 37 మంది గెలిచారు కూడా. ఫిబ్రవరి 19న మారీ యుహాచ్ అనే సభ్యురాలు లేచి "అయ్యలారా, అమ్మలారా" అనగానే సభలో నవ్వులు వినిపించాయని రికార్డులోనే ఉంది. అక్కడా నవ్వే.

రాజ్యాంగంలో లోపాలు లేవనను. ఎమర్జెన్సీలో హక్కుల్ని నిలిపేసే ఆ 48వ అధికరణం అధ్యక్షుడి చేతికిచ్చిన కత్తే. కానీ ఆ కత్తి ఎబర్ట్ కూడా వాడాడు, చాలాసార్లు వాడాడు, రిపబ్లిక్‌ని నిలబెట్టడానికి. 262 మంది ఔనని, 75 మంది కాదని ఓటేసిన రాజ్యాంగం అది. అంత మెజారిటీతో మొదలైనదాన్ని పుట్టుకలోనే చచ్చిందంటే నేనొప్పుకోను. దాన్ని చంపింది "మేం ఓడలేదు, వీళ్ళే వెన్నుపోటు పొడిచారు" అన్న కథ. 1919 నవంబరులో విచారణ సంఘం ముందు కూర్చుని హిండెన్‌బర్గే చెప్పాడు ఆ కథ. ఎబర్ట్ ద్రోహి కాదని నిరూపించుకోవడానికి కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆ కేసు గొడవలో అపెండిక్స్ ఆపరేషన్ వాయిదా వేసుకుంటూ పోయి, 1925 ఫిబ్రవరిలో 54 ఏళ్ళకే పోయాడు.

"మరి ఆయన తర్వాత ఎవరొచ్చారు?" అని నా పక్కన కూర్చునే సిరియా అమ్మాయి అడిగింది. టీచరమ్మ మాట్లాడకుండా మళ్ళీ ఆ పోస్టుకార్డు వేసి, యూనిఫాంలో ఉన్న హిండెన్‌బర్గ్ మీద వేలు పెట్టింది. ఆ ఏప్రిల్లోనే, జనం ఓట్లతోనే గెలిచాడట.

మా పెదతాతయ్య కూడా తర్వాత ఊళ్ళో సొసైటీ ప్రెసిడెంటు అయ్యాడు లెండి.