ఫ్యాక్టరీ తూటాకు దీటైన లోడు ఇంట్లో కుదురుతుందా?

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నానండీ. నా .308 విన్‌చెస్టర్ బోల్ట్ రైఫిల్‌లో ఫెడరల్ గోల్డ్ మెడల్ తూటాలు (బులెట్, అంటే తూటా కొసనుండే గుండు, బరువు 168 గ్రెయిన్లు; గ్రెయిన్ అంటే చాలా చిన్న తూకం) చాలా బాగా పడుతున్నాయి. కానీ ఖర్చు ఎక్కువ. ఒక తూటా విప్పి, పౌడర్ తూచి, డబ్బాల్లో దొరికే ఐఎంఆర్ 4064 పౌడర్‌ను అంతే బరువు పోస్తే అదే ఫలితం వస్తుందా?

జవాబు: ఆ పని మాత్రం చేయకండి. కంపెనీ వాడే పౌడర్, చూడ్డానికి ఒకేలా ఉన్నా, డబ్బాల్లో అమ్మే రకం కాకపోవచ్చు. వాళ్లు ప్రతి లాటుకూ పీడనం పరీక్షించి బరువు మార్చుకుంటారు. ఆ అంకె మీ డబ్బాకు వర్తించదు. మీరు అందుకోవలసింది వేగాన్ని, కొలతలను.

ముందు ఓ పది ఫ్యాక్టరీ తూటాలను మీ రైఫిల్‌తోనే క్రోనోగ్రాఫ్ (వేగం కొలిచే పరికరం) మీద కాల్చండి. పెట్టె మీద ఉండే సెకనుకు 2650 అడుగులు కంపెనీ పరీక్ష బ్యారెల్‌ది. బ్యారెల్ పొట్టిదైతే అంగుళానికి 20 నుంచి 25 అడుగుల దాకా తగ్గుతుంది. కాల్చకుండా మిగిల్చిన తూటాల పొడవును కంపారేటర్‌తో (కాలిపర్‌కు తగిలించే కొలత ముక్క), బులెట్ వంపు దగ్గర కొలవండి. ఈ తూటాల్లో ఉండే సియెర్రా మ్యాచ్‌కింగ్ రకం బులెట్ మొనలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి మొన నుంచి కొలిస్తే మోసపోతారు. మీ బులెట్‌నూ ఆ కొలతకే కూర్చోబెట్టండి.

కాల్చిన ఆ కేసులనే (పౌడర్, బులెట్ పట్టే ఇత్తడి గొట్టాలు) వాడండి. వేరే కంపెనీ కేసులో లోపలి చోటు తక్కువగా ఉండొచ్చు. అలా ఉంటే అదే పౌడర్‌కు పీడనం పెరుగుతుంది.

ఎక్కువమంది చెడగొట్టుకునేది సైజింగ్ దగ్గరే, అంటే కాల్చాక ఉబ్బిన కేసును డై అనే అచ్చులో నొక్కి మళ్లీ కొలతకు తెచ్చేటప్పుడే. డైతో వచ్చే కాగితం చెప్పినట్టు షెల్‌హోల్డర్‌కు (కేసు అడుగును పట్టుకునే ముక్క) తగిలేదాకా, ఆపైన ఇంకాస్త బిగిస్తే షోల్డర్ (కేసు మెడ కింది వాలు) అవసరానికి మించి వెనక్కి పోతుంది. కాల్చిన ప్రతిసారీ కేసు సాగి, అడుగుకు కాస్త పైన గోడ పలచబడి, చివరికి అక్కడే తెగుతుంది. కాల్చిన కేసు కొలత తీసుకుని, షోల్డర్ ఒకటి రెండు వేల వంతుల అంగుళం మాత్రమే వెనక్కి జరిగేలా డైని దించండి. పేపర్ క్లిప్పు కొన వంచి కేసు లోపలి గోడ వెంట పైకి లాగండి. అడుగు దగ్గర గాడి తగిలితే ఆ కేసు చెత్తబుట్టకే. కేసు పొడవు 2.015 అంగుళాలు దాటనివ్వకండి, 2.005కు కత్తిరించుకోండి.

పౌడర్ బరువు తాజా సియెర్రా లేదా హాడ్జ్‌డన్ మాన్యువల్‌లోని ప్రారంభ అంకె నుంచే మొదలుపెట్టి, 0.3 గ్రెయిన్ల చొప్పున పెంచండి. ఫ్యాక్టరీ వేగం కుదిరిన చోట ఆగిపోండి. మాన్యువల్ గరిష్ఠం వచ్చినా కుదరకపోతే అక్కడే ఆగాలి, పైకి వెళ్లకూడదు. బోల్ట్ బరువుగా లేచినా, కేసు అడుగున ఎజెక్టర్ (కాల్చిన కేసును బయటికి తోసే పిన్ను) గుర్తు మెరిసినా అంతకన్నా ముందే ఆపేయండి. టెక్సస్ ఎండలో తూటాలు వేడెక్కితే పీడనం పెరుగుతుంది, నీడలో ఉంచండి. ఫ్యాన్ గాలికి డిజిటల్ తూకం కదిలిపోతుంది. బులెట్ కూర్చోబెట్టే ముందు ట్రేలోని కేసులన్నిటిలోకీ టార్చి వేసి పౌడర్ మట్టం సరిచూడండి.

ఇక మూడు తూటాలు గురిపలక మీద దగ్గరగా పడ్డాయని చూసి సంబరపడకండి. రెండు రకాలూ ఒకే రోజు, చెరో ఇరవై కాల్చి పోల్చండి.

ప్రశ్న: హైదరాబాద్‌లో నాకు రైఫిల్ లైసెన్సు ఉంది. నేనూ ఇలా చేసుకోవచ్చా?

జవాబు: కుదరదండీ. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం తూటాల తయారీకి వేరే లైసెన్సు ఉండాలి. రైఫిల్ లైసెన్సు దానికి చెల్లదు.