నాటుకోడి కాదు, నీటికోడి

తమ్ముడూ,

విషం పెట్టి నీటికోళ్లని చంపిన కేసు మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. తెల్లారేసరికి కొండకర్ల ఆవ చెరువులో తాటిదోనె చుట్టూ తేలుతున్న నీటికోళ్లని చూపించావే, ఆ పేరా నేను రాసుంటే బాగుండేదనిపించింది.

తర్వాతే కథ చెడింది. నీ ఫారెస్ట్ రేంజర్ పిట్టని వాసన చూసి విషమంటాడు. మర్నాడే హైదరాబాద్ నుంచి డీఎన్ఏ రిపోర్టు, అందులో హంతకుడి పేరు! అంత వేగం మన కొరియర్లకే లేదు. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లకి లాకోన్స్ అని వన్యప్రాణుల ల్యాబ్ ఉంది, దానికి మాంసం పంపితే, సైటోక్రోమ్-బి అనే జన్యువు చదివి అది ఏ జాతిదో తేలుస్తారు. కూర వండేశాక కూడా చాలాసార్లు తేలుతుంది. "నాటుకోడండీ బాబూ" అని బుకాయించేవాడికి అది చాలు. కానీ చంపిందెవరో ఆ పరీక్ష చెప్పదు.

విషం సంగతి పిట్టలోనే వెతుకు. పొలంలో చల్లే కార్బోఫ్యూరాన్ గుళికల మందు నరాల మీద పనిచేస్తుంది. కాలివేళ్లు పిడికిలిలా బిగుసుకుపోవచ్చు. చావు తొందరగా వస్తుంది కాబట్టి గొంతులో మింగీ మింగని నూకలు, కందనకాయలో అరగని వడ్లు దొరకొచ్చు. నీ హీరో అవి చూడాలి, వాసన కాదు.

ఈకల మీద వేలిముద్రలన్నావు. కొట్టిపారేయను. స్కాట్లాండ్‌లో అబర్టే యూనివర్సిటీ వాళ్లు మెరిసే పౌడర్లతో ప్రయత్నించారు. గీతలు సరిగా రాకపోయినా, చెయ్యి ఎక్కడ పడిందో తెలిస్తే అక్కడ డీఎన్ఏ కోసం చూడొచ్చు.

అసలు టెన్షన్ ప్యాకింగ్‌లో ఉంది, నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు. ఈకని ఆరబెట్టి కాగితం కవర్లో పెట్టాలి, ప్లాస్టిక్‌లో పెడితే చెమ్మకి బూజు పడుతుంది. విషపరీక్షకి పంపే కాలేయాన్ని ఫార్మలిన్‌లో, అదే శరీర భాగాలు కుళ్లకుండా ఉంచే ద్రవంలో, వేయకూడదు. నా మొదటి కథలో నేను వేయించాను! అచ్చయ్యాక ఒక డాక్టరుగారు ఫోన్ చేసి పడీపడీ నవ్వారు. సీలు చెదిరినా, పంచనామాలో పిట్టల లెక్క తప్పినా, కోర్టులో అవతలి లాయరు పట్టుకునేది దాన్నే.

అందుకే రేంజర్ని కాస్త పక్కన పెట్టు. గట్టు మీద గొంతుక్కూర్చుని, వాన తుంపరకి కాగితం తడవకుండా గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని పిట్టల్ని లెక్కపెడుతున్న ఫారెస్ట్ బీట్ గార్డుని రాయి. సాక్షి సంతకం పెట్టమంటే ఊళ్లోవాళ్లు ఒక్కొక్కరే జారుకుంటుంటారు, అది కూడా రాయి.

ఆదివారం ముడసర్లోవ వైపు నడకకి వస్తావుగా, తిరగరాసింది తీసుకురా. టీ నాది.

మీ అన్నయ్య,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం