పరుగు మధ్యలో పడిపోయాడు.. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకు 14 ఏళ్లు. కబడ్డీ బాగా ఆడతాడు. జిల్లా సెలక్షన్స్‌కు పంపుతామని, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెమ్మని స్కూల్లో చెప్పారు. తెలిసిన క్లినిక్‌లో అడిగితే బాబును చూడకుండానే సంతకం పెట్టి ఇస్తారట. పోయిన డిసెంబర్‌లో గ్రౌండ్‌లో రౌండ్లు కొడుతూ ఒక్కసారిగా పడిపోయాడు. గడ్డానికి మూడు కుట్లు పడ్డాయి. పొద్దున ఏమీ తినలేదు, అందుకేలే అనుకున్నాం. మళ్లీ అలా జరగలేదు. కానీ మా తమ్ముడు 29 ఏళ్లకే నిద్రలో చనిపోయాడు. అది గుర్తొస్తే టెన్షన్‌గా ఉంటోంది. పరీక్షలు అవసరమేనా?
- ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అవసరమేనమ్మా. చూడకుండా ఇచ్చే సర్టిఫికెట్ మాత్రం తీసుకోకండి. గుండె డాక్టర్ పరీక్షించి సరే అనేదాకా బాబుకు కబడ్డీ, పరుగు, స్కూల్లో ఆటల పీరియడ్ కూడా ఆపించండి. మామూలుగా స్కూలుకు వెళ్లి రావచ్చు. మిమ్మల్ని భయపెట్టాలని కాదు, మీరు రాసిన వాటిలో రెండు విషయాలు తేలిగ్గా వదిలేసేవి కావు.

ఒకటి, బాబు పడిన తీరు. ప్రార్థన సమయంలో ఎండలో నిలబడి పిల్లలు పడిపోవడం అందరూ చూసేదే. అప్పుడు ముందుగా కళ్లు బైర్లు కమ్ముతాయి, చెమట పడుతుంది, కడుపులో తిప్పుతుంది. మెల్లగా కూలబడతారు, పడుకోబెడితే తేరుకుంటారు. రౌండ్లు పూర్తయి ఆగాక కళ్లు తిరగడం కూడా ఎక్కువగా ఈ కోవలోదే. పరుగెడుతుండగానే పడిపోతే సంగతి వేరు. గడ్డానికి కుట్లు పడ్డాయంటే, చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా వాడికి దొరకలేదేమోనని నా అనుమానం. శ్రమ మధ్యలో గుండె లయ తప్పి మెదడుకు రక్తం అందకపోతే ఇలాగే, ఏ సూచనా లేకుండా పడిపోతారు. ఏమీ తినకపోవడం వల్ల కావచ్చు, కాలు తట్టుకుని ఉండొచ్చు. అయినా ఊహించుకుని ఊరుకోకూడదు. పీఈటీ సార్‌ను, పక్కన పరుగెత్తిన పిల్లల్ని అడగండి. పరుగులో ఉండగా పడ్డాడా, ఆగాకా? ఎంతసేపటికి లేచాడు? ముఖం పాలిపోయిందా? కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయా? వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుని డాక్టర్‌కు చూపించండి. చాలాసార్లు రిపోర్టుల కంటే ఇదే ఎక్కువ దారి చూపిస్తుంది.

రెండోది మీ తమ్ముడి విషయం. ఆటల్లోకి వచ్చే పిల్లలను పరీక్షించడానికి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 14 అంశాలు సూచించింది. కుటుంబంలో ఎవరైనా 50 ఏళ్లలోపు గుండెజబ్బుతో చనిపోయారా అన్నది వాటిలో ఒకటి. శ్రమ చేసేటప్పుడు ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం గురించి కూడా అడగమంటుంది. గుండె కండరం మందమయ్యే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అనే జబ్బు సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. 2003లో మ్యాచ్ మధ్యలో కుప్పకూలి చనిపోయిన కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోయేకు పోస్టుమార్టంలో బయటపడింది ఇదే. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. మీ తమ్ముడికి ఇదే ఉందని నేను అనడం లేదు. ఒకవేళ ఉంటే మాత్రం, ఏ ఇబ్బందీ లేకపోయినా మీకూ ఉండొచ్చు. కాబట్టి బాబుతో పాటు మీరూ ఈసీజీ, ఎకో (గుండె స్కానింగ్) చేయించుకోండి. మీ తమ్ముడి పాత కాగితాలు, పోస్టుమార్టం రిపోర్టు ఉంటే వెంట తీసుకెళ్లండి.

ఈసీజీ నార్మల్ అని వస్తే అక్కడితో ఆగిపోవద్దు. బాబుకు ఎకో తప్పకుండా కావాలి. అవసరమైతే ట్రెడ్‌మిల్ పరీక్ష, 24 గంటలు గుండె లయను రికార్డు చేసే హోల్టర్ కూడా పెడతారు. డాక్టర్ బాబును పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి గుండె చప్పుడు వినాలి. నేను చెప్పిన జబ్బులో వినిపించే శబ్దం నిలబడినప్పుడు పెరుగుతుంది.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక మాట. ఆటలాడే ప్రతి పిల్లాడికీ ఎకో అక్కర్లేదు. ఇటలీలో 1982 నుంచి పోటీల్లో ఆడేవారికి ఈసీజీతో కూడిన పరీక్ష తప్పనిసరి. అమెరికాలో మాత్రం అందరికీ ఈసీజీ చేయమని చెప్పరు. ఏ లక్షణమూ లేని పిల్లలకు వివరంగా ప్రశ్నలు అడిగి, బీపీ, నాడి, గుండె చప్పుడు, కీళ్లు, చూపు చూస్తే సరిపోతుందని నా అభిప్రాయం. ఆడపిల్లలకైతే హిమోగ్లోబిన్ కూడా చూపించండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. త్వరగా అలసిపోతోందంటే బద్ధకం అనుకోకండి. ఏజెన్సీ ప్రాంతాల పిల్లలకు సికిల్‌సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తకణాల జబ్బు) పరీక్ష కూడా చేయించాలి. జ్వరం వచ్చినప్పుడు పోటీలున్నా సరే గ్రౌండ్‌కు పంపొద్దు. కొన్ని వైరస్‌లు గుండె కండరాన్ని కూడా దెబ్బతీస్తాయి. పోటీలకు నెలా నెలన్నర ముందే పరీక్షకు వెళితే, ఏదైనా తేలినా చికిత్సకు సమయం ఉంటుంది. కబడ్డీ పిల్లల విషయంలో ఇంకొకటి: బరువు పరిమితి కోసం తిండి, నీళ్లు మానేస్తుంటారు. మీ బాబు ఆ రోజు ఎందుకు తినలేదో కూడా కనుక్కోండి.

వాడిని కోప్పడకుండా అడగండి. జట్టులోంచి తీసేస్తారన్న భయంతో పిల్లలు గుండెదడనీ, నొప్పినీ దాచేస్తారు. డాక్టర్ దగ్గర కూడా కాసేపు మీరు బయట కూర్చుని, వాడిని ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఈ వారంలోనే వెళ్లండి. ఈలోగా మళ్లీ పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి.