ఐఎస్‌ఓ పెంచడానికి జంకకు

చిరంజీవి మేనల్లుడికి, ఒంగోలు నుంచి మామయ్య ఆశీస్సులు.

కొత్త కెమెరాతో తీసి పంపిన ఫొటోలు చూశాను. పగటి ఫొటోలకు వంక పెట్టడానికి లేదు గానీ, సాయంత్రం తీసినవి చాలావరకు చెదిరిపోయాయి. వివరాలు చూస్తే అన్నింటికీ ఐఎస్‌ఓ, అంటే పడిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె, 100 అనే ఉంది. మసక వెలుతురులో ఐఎస్‌ఓ అంత తక్కువగా ఉంటే షటర్ ఎక్కువసేపు తెరిచి ఉండి బొమ్మ చెదురుతుంది. ఐఎస్‌ఓ పెంచితే నాయిస్, అంటే ఫొటో అంతా గింజగింజలుగా కనిపించే మచ్చలు, వస్తుందన్న మాట అబద్ధం కాదు. అయితే నాయిస్ ఉన్న ఫొటోను కంప్యూటర్‌లో చాలావరకు బాగుచేసుకోవచ్చు, చెదిరిన ఫొటోను దాదాపు వదులుకోవలసిందే.

ఐఎస్‌ఓ పెంచినంత మాత్రాన కెమెరా లోపల బొమ్మను పట్టే సెన్సర్ మీద పడే వెలుతురు పెరగదు. పడిన కొద్దిపాటి వెలుతురునే కెమెరా పెద్దది చేసి చూపిస్తుంది కాబట్టి, మైకు సౌండు పెంచితే మాటతోపాటు గరగర కూడా పెరిగినట్టు, ఫొటోలో నాయిస్ బయటపడుతుంది. అందువల్ల ఎదుట ఉన్నది ఎంత వేగంగా కదులుతున్నదో చూసి ముందు షటర్ స్పీడ్ (షటర్ ఎంతసేపు తెరిచి ఉండాలో) నిర్ణయించుకో, తరువాత అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం ఎంత తెరవాలో) చూసుకో, ఇంకా తక్కువైన వెలుగును ఐఎస్‌ఓతో భర్తీ చెయ్యి.

మన వైపు బండలాగుడు పోటీలనే తీసుకో. మిట్టమధ్యాహ్నం ఎండలో అపర్చర్ ఎఫ్ 5.6 పెడితే, ఐఎస్‌ఓ 100తోనే సెకనులో 800వ వంతు షటర్ స్పీడ్ దొరుకుతుంది. ఎడ్ల గిట్టల కింద లేచిన మట్టిపెళ్లలు గాలిలో ఉన్నవి ఉన్నట్టుగా పడతాయి. పొద్దు వాలేసరికి అది 100వ వంతుకు దిగిందనుకో, ఐఎస్‌ఓను 200, 400, 800 అంటూ మూడుసార్లు రెట్టింపు చేస్తే మళ్లీ 800వ వంతు చేతికి వస్తుంది. ఈనాటి కెమెరాలకు 800 ఒక లెక్క కాదు.

భైరవకోన గుహాలయాల్లో సంగతి వేరు. రాతిలో తొలిచిన శిల్పం కదలదు కాబట్టి, అనుమతి ఉంటే ట్రైపాడ్ వేసి, ఐఎస్‌ఓ 100 మీదనే ఉంచి, షటర్‌ను ఒక సెకను తెరిచి ఉంచు. చేత్తో పట్టుకుని తీస్తే అదే వెలుగు కోసం సెకనులో 30వ వంతు దగ్గర ఐఎస్‌ఓ 3200 పెట్టవలసి వస్తుంది.

నెల్లూరు రొట్టెల పండుగకు రాత్రిపూట వెళ్తే మాత్రం 3200కో 6400కో వెనుకాడకు. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకునే వారి ముఖాల మీద ఫ్లాష్ కొట్టడం నాకు మొదటినుంచీ గిట్టదు. వారికీ ఇబ్బంది, ఫొటో కూడా పాలిపోతుంది. అక్కడ 100వ వంతు షటర్ స్పీడ్ సరిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కావడంతో చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి, అంతకన్నా వేగం పెంచితే ఫొటోలో అడ్డచారలు పడే ప్రమాదం ఉంది.

నాయిస్‌కు భయపడి తక్కువ ఐఎస్‌ఓతో చీకటిగా తీసి, ఇంటికొచ్చాక వెలుగు పెంచుకుందామనుకోకు. కొన్ని కెమెరాల్లో నీడల్లోని నాయిస్ అప్పుడే మరింత అసహ్యంగా తేలుతుంది. చీకట్లో కెమెరా స్క్రీన్ ఉన్నదానికన్నా వెలుగుగా కనిపించి మోసం చేస్తుంది కనుక, ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్, అదే హిస్టోగ్రామ్, చూసుకోవడం అలవాటు చేసుకో.

ప్రతిసారీ మార్చుకోవడం కష్టమనిపిస్తే కెమెరాయే ఐఎస్‌ఓను ఎంచుకునే ఆటో ఐఎస్‌ఓ పెట్టుకో, కానీ దాని గరిష్ఠ పరిమితిని నువ్వే నిర్ణయించు. రాత్రి ఇంట్లో ఒకే వస్తువును 800 నుంచి 12800 దాకా తీసి, ఆల్బం సైజులో ప్రింట్లు వేయించి, నీ కంటికి ఏది మరీ ఇబ్బందిగా తోస్తే దానికి ఒక మెట్టు కింద ఆపు.

ఇట్లు,
మీ మామయ్య