మా ఇంటికొచ్చిన పిల్లి కడుపుతో ఉందా?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివారులోని బండ్లగూడ జాగీర్. నాలుగు గేదెలున్నాయి, పాల వ్యాపారమే ఆధారం. మా అమ్మాయి జులై 2న మూగజీవాలను కాపాడేవాళ్ల దగ్గర్నుంచి ఒక ఆడ పిల్లిని తెచ్చింది. పెంచుకునేవాళ్లు దొరికేదాకా రెండు నెలలు మన దగ్గరే ఉంచుకోవాలట. వచ్చినప్పటి నుంచి అది గది దాటి బయటికి పోలేదు. పది రోజులకు చనుమొనలు ఎర్రబడ్డాయి. ఇప్పుడు పొట్ట కొద్దిగా దిగినట్టుంది. పాలు, పెరుగన్నం పెడుతున్నాం. చూడిదో కాదో ఎట్లా తెలుస్తుంది? గేదెలకు తెచ్చిన నట్టల మందు మిగిలింది, దీనికీ పట్టొచ్చా? మా కోడలికి ఐదో నెల. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో పిల్లి ఉండొద్దని మా అత్తమ్మ రోజూ గొడవ పెడుతోంది. ఏం చేయాలి? (జులై 27న రాసిన ఉత్తరం)

జవాబు: అమ్మా, ముందు ఆ నట్టల మందు సీసాను పిల్లికి దూరంగా పెట్టండి. మిగతా సంగతులు నిదానంగా మాట్లాడుకుందాం.

మీరు రాసిన తేదీలే సగం జవాబు చెబుతున్నాయి. గేదె పది నెలలకు పైగా మోస్తుంది, పిల్లి మోసేది తొమ్మిది వారాలే. లెక్కకు 63 నుంచి 65 రోజులు, కొన్ని రెండు మూడు రోజులు అటూ ఇటూ. చూడి కట్టిన 15 నుంచి 20 రోజుల మధ్య చనుమొనలు ఉబ్బి గులాబీ రంగుకు తిరుగుతాయి. తొలిచూలు పిల్లిలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. మీరు చూసింది జులై 12 ప్రాంతంలో కాబట్టి, మీ ఇంటికి వచ్చే ముందు వారం పది రోజుల్లోనే మగ పిల్లి కలిసి ఉండాలి. ఆ లెక్కన ఆగస్టు ఆఖరి వారంలో పిల్లలు పెట్టొచ్చు. గది దాటలేదంటున్నారు గనక సెప్టెంబరు 10 దాటినా పిల్లలు పెట్టకపోతే అసలు చూడే కాదన్నమాట.

అయితే చనుమొనలు చూసి ఖాయం చేసుకోకండి. పిల్లికి మామూలుగా మగదానితో కలిసినప్పుడే అండం విడుదలవుతుంది. కలిసినా కట్టకపోతే దాదాపు 40 రోజుల పాటు ఉత్తుత్తి చూడి లక్షణాలు కనిపించవచ్చు. నట్టలున్నా పొట్ట ఉబ్బుతుంది. గర్భసంచిలో చీము పట్టినా అంతే. అప్పుడు నీళ్లు ఎక్కువ తాగుతుంది, తిండి మానేస్తుంది, కింద నుంచి వాసనతో కూడిన స్రావం రావొచ్చు. అది ప్రాణం మీదికి తెచ్చే జబ్బు, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పశువులకు చూడి కట్టించే సూదులు వేసే గోపాలమిత్ర చెయ్యి పెట్టి గేదెకు చూడి చెప్పినట్టు, పిల్లి పొట్ట నొక్కి మీరు చూడాలనుకోకండి. నాలుగో వారంలో పిండాలు గోలీల్లా చేతికి తగులుతాయి గానీ అది అలవాటైన డాక్టరు చేయాల్సిన పని. ఇప్పటికే 25 రోజులు దాటాయి, స్కానింగ్‌లో తెలిసిపోతుంది, పిండాల గుండె కొట్టుకోవడం కూడా కనిపిస్తుంది. ఎందరు పిల్లలో తెలియాలంటే 45 రోజుల తర్వాత ఎక్స్‌రే తీయించాలి, అప్పటికి ఎముకలు గట్టిపడతాయి. ఆగస్టు మూడో వారంలో ఒక్క ఎక్స్‌రే చాలు. పిల్లలు పెట్టే రోజున లోపల ఇంకా ఉన్నాయేమోనన్న అనుమానం ఉండదు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల కూడా ఉంది. పిల్లిని ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కొద్దు, మూత ఉన్న బుట్టలో తీసుకెళ్లండి.

ఇక మందులు. పాడి ఉన్న ఇంట్లో పిల్లికి నేను ఎక్కువ భయపడేది వీటి గురించే. గేదెలకు పట్టే ఆల్బెండజోల్ లాంటివి చూడి పిల్లికి ఇస్తే కడుపులో పిల్లలకు అవకరాలు రావొచ్చు. డాక్టరు చూసి, తూకం వేసి, చూడికి సరిపడే మందు రాస్తారు. పిడుదులకు, జోరీగలకు మీరు గేదెల మీద కొట్టే సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు పిల్లికి విషం. కుక్కల మెడ మీద వేసే పర్‌మెత్రిన్ చుక్కలూ అంతే. గేదె తట్టుకునే మందును పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు, వణుకు మొదలై ఫిట్స్ వస్తాయి. కొట్టంలో మందు కొట్టిన రోజు పిల్లి గది తలుపు వేసి ఉంచండి, చేతులు కడుక్కున్నాకే దాన్ని ముట్టుకోండి. ఒళ్లు వెచ్చగా ఉందని పారాసెటమాల్ ముక్క వేస్తారు కొందరు. ఒక్క మాత్రతో చచ్చిపోయిన పిల్లులున్నాయి. టీకాల సంగతి కూడా చెప్పాలి. బతికున్న వైరస్‌తో చేసే పిల్లుల టీకా చూడి సమయంలో వేస్తే పిల్లలు మెదడు దెబ్బతిని తూలుతూ నడిచేలా పుట్టవచ్చు. అమ్మాయి టీకాకు తీసుకెళ్తే కడుపుతో ఉండొచ్చన్న అనుమానం ముందే డాక్టరుకు చెప్పమనండి.

తిండి మార్చాలి. పిల్లి అంటే పాలే అని మనందరి నమ్మకం, కళ్లు మూసుకుని తాగుతుందని సామెత కూడా. కానీ పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. గేదె పాలు చిక్కన, ఇంకా బరువు. పెరుగన్నం మీద నెట్టుకొస్తే మాంసంలో ఉండే టారిన్ అందదు. అది లేకపోతే కళ్లు, గుండె దెబ్బతింటాయి, కడుపులో పిల్లలు సరిగా ఎదగవు. దుకాణంలో పిల్లి కూనలకని అమ్మే ప్యాకెట్ తిండినే ఇప్పటి నుంచి పెట్టండి. కూనల తిండి తల్లికెందుకంటారేమో, అందులో మాంసకృత్తులు, సున్నం (కాల్షియం) ఎక్కువ, అందుకు. దానికి తోడు ఉప్పు కారం, ఉల్లి వెల్లుల్లి తగలని ఉడికించిన కోడిమాంసం, గుడ్డు ఇవ్వొచ్చు. ఎముక వద్దు. ఆఖరి వారాల్లో పొట్ట నిండా పిల్లలుంటాయి, ఒక్కసారి ఎక్కువ తినలేదు, రోజుకు నాలుగైదు సార్లు కొద్దికొద్దిగా పెట్టండి. పాలిచ్చేటప్పుడు మామూలు కంటే రెండింతలు తింటుంది, అప్పుడు లెక్క చూడకండి.

మీ అత్తమ్మ భయం ఉత్తదేమీ కాదు గానీ, దానికి మందు పిల్లిని గెంటేయడం కాదు. ఎలుకలు, పచ్చి మాంసం తిన్న పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి రావొచ్చు, గర్భిణి కడుపులోని బిడ్డకు అది హాని చేస్తుంది. మలం పడ్డాక ఒకటి నుంచి ఐదు రోజులకు గానీ అది అంటుకునే స్థితికి రాదు. అందుకని ఇసుక తొట్టిని కోడలు కాకుండా ఇంకెవరైనా రోజూ తప్పక ఎత్తేయాలి, రెండు రోజులకోసారి అనుకోవద్దు. ఇంట్లో అందరూ మాంసం బాగా ఉడికించి, ఆకుకూరలు కడిగి వండుకోండి. నిజానికి ఈ జబ్బు పిల్లిని నిమరడం కంటే ఉడకని మాంసం నుంచి, మట్టి నుంచే ఎక్కువ వస్తుంది. కోడలు తన డాక్టరుకు ఇంట్లో పిల్లి ఉందని చెబితే సరిపోతుంది. పిల్లి గీరినా కరిచినా మాత్రం రేబీస్ భయం ఉంటుంది, అందరూ జాగ్రత్త పడాలి. పావుగంట సబ్బునీటితో కడిగి అదే రోజు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికో నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఆసుపత్రికో వెళ్లండి.

ఆగస్టు మధ్య నుంచి ఒక అట్టపెట్టెలో పాత నూలు చీరలు పరిచి, గదిలో చీకటి మూలన పెట్టండి. కొట్టం గోల, గేదెల మేత లారీలు వినిపించని మూల అయితే మంచిది. మీకు నచ్చిన చోటు దానికి నచ్చకపోవచ్చు, బీరువా కింద దూరితే పెట్టెను అక్కడికే జరపండి. పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అనలేదు. ఎవరెవరో వచ్చి చూస్తుంటే ఒక్కొక్కదాన్నే మెడ పట్టుకుని మోసుకుపోతుంది. అప్పుడే పుట్టిన పిల్లలను చూపించడానికి ఇరుగుపొరుగును పిలవకండి.

నొప్పులు మొదలయ్యే ముందు రోజు తిండి తగ్గిస్తుంది, పెట్టెను గీరుతుంది, ఒళ్లు నాకుతూ కూర్చుంటుంది. గేదె ఈనినప్పుడు మాయ తినకుండా లాగేస్తాం. ఇది తింటే తిననివ్వండి, బొడ్డుతాడు కూడా అదే కొరుకుతుంది. మధ్యలో కొన్ని గంటలు ఆగి హాయిగా పాలిస్తూ పడుకుంటే కంగారు అక్కర్లేదు. కానీ అరగంట గట్టిగా ముక్కినా పిల్ల రాకపోతే, మొదటి పిల్లకు ముందే ఆకుపచ్చటి స్రావం కనిపిస్తే, రక్తం ధారగా పోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. చేయి పెట్టి లాగడం, నాటుగా ఇంజెక్షన్ ఇప్పించడం వద్దు.

పుట్టిన పిల్ల సుమారు 100 గ్రాములుంటుంది. వంటింటి కాటా మీద రోజూ ఒకే వేళకు తూచండి, రోజుకు పది గ్రాములైనా పెరగాలి. రెండు రోజులు పెరగకపోతే తల్లికి పాలు లేవనో, పిల్ల చిక్కిపోతోందనో అర్థం. గేదె పాలు పట్టొద్దు, పిల్లి కూనల పాలపొడి అమ్ముతారు. గేదెకు పాల జ్వరం (ఒంట్లో కాల్షియం తగ్గి వచ్చే జబ్బు) ఈనిన రెండు మూడు రోజుల్లో వస్తే పిల్లికి రెండో మూడో వారంలో రావడం ఎక్కువ. వణికి, రొప్పి, కాళ్లు బిగుసుకుంటే అదేనని గుర్తుంచుకోండి.

ఇంకొక లెక్క. మీరు ఒప్పుకున్న రెండు నెలలు సెప్టెంబరు 2కు అయిపోతాయి. అప్పటికి పిల్లలకు కళ్లు కూడా సరిగా తెరుచుకోవు. ఎనిమిది వారాలు తల్లి దగ్గరుండాలంటే అక్టోబరు ఆఖరుకు గానీ ఎవరికీ ఇవ్వలేరు. పాలిస్తుండగానే తల్లి మళ్లీ ఎదకు రావొచ్చు, అందుకని కిటికీ జాలీ సరిచూడండి. పిల్లలు పాలు మాన్పాక రెండు వారాలకు దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించాలి. పిల్లలు వద్దనుకుంటే ఇప్పుడు చూడితో ఉండగానే ఆ ఆపరేషన్ చేసే వీలూ ఉంది. పిల్లి మీది కాదు కాబట్టి ఆ నిర్ణయం మీరు ఒక్కరే తీసుకునేది కాదు. స్కానింగ్ ఖర్చు ఎవరిది, రెండు నెలలు నాలుగైతే తిండి ఎవరు పంపాలి, ఇవన్నీ అమ్మాయి చేత ఈ రోజే పిల్లిని ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయించి తేల్చుకోండి.