లేసు పనితో సేవాసంస్థ పెడతానంటున్న మేనకోడలికి

అమ్మలూ,

ప్రభువు నామంలో శుభాలు. సంఘంలో పోగైన నాలుగు లక్షలతో నరసాపురం, మొగల్తూరు చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళ చేత లేసు అల్లించి అమ్మాలనుకుంటున్నామని రాశావు. చాలా సంతోషం. మొదలుపెట్టే ముందు ఒక్క లెక్క మనసులో పెట్టుకో: అల్లిన మనిషికి గంటకి ఎంత పడుతోంది? ప్రతి నెలాఖరునా మీ కమిటీ ముందు మొట్టమొదట చదవాల్సిన అంకె అదే. ఎంతమందికి పని ఇచ్చామన్నది దాని తరవాత.

ఎందుకంటే ఈ పనికి పుట్టుకలోనే ఆ దెబ్బ తగిలింది. స్కాట్లాండు మిషనరీలు 1844లో లేసుని ఇక్కడికి తెచ్చారని చెబుతారు. పేద ఆడవాళ్ళు ఇంటిపట్టున కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకుంటారనే నేర్పారు. పని నిలిచింది, ఎగుమతులు పెరిగాయి, డబ్బు మాత్రం దారిలోనే ఆగిపోయింది. పైన ఎగుమతిదారు, కింద ఏజెంటు, ఊళ్ళో చిన్న ఏజెంటు, అందరికన్నా కింద అల్లే మనిషి. పువ్వులల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని ఇంకొకరిది. పూర్తయిన టేబుల్‌క్లాత్ ఎంతకి అమ్ముడుపోయిందో వాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలియని ధర మీద బేరం ఎలా ఆడతారు? సేవాసంస్థ అయినా ధర దాచితే అదే ఏజెంటు పని చేసినట్టు. అమ్మకం ధర, దానిలో కూలి వాటా, రెండూ గోడ మీద రాసి పెట్టండి.

ధర కట్టడం ఇలా. పన్నెండంగుళాల డాయిలీ (బల్ల మీద పాత్రల కింద పరిచే గుండ్రటి లేసు ముక్క) ఒకటి తీసుకుని, చెయ్యి వడిగా ఆడే ఒకామెకి, మధ్యస్థంగా అల్లే ఒకామెకి, నిదానంగా అల్లే ఒకామెకి ఇవ్వు. గడియారం చూసి గంటలు రాయించు. మధ్యామె లెక్కే ధరకి ఆధారం. వడిగా అల్లే ఆమె లెక్క తీసుకుంటే మిగతావాళ్ళకి కూలి గిట్టదు. ఐదు గంటలు పట్టిందనుకో. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ రోజుకూలి 307 రూపాయలు, అంటే ఎనిమిది గంటలకి గంటకి 38 పైచిలుకు. ఇది నేర్పు, కంటిచూపు పెట్టే పని, అంతకన్నా తక్కువ ఇవ్వడం న్యాయం కాదు. 45 వేసుకో. కూలి 225. నూలు 20 గ్రాములకి తరుగు కలిపి 21, కిలో 800 అనుకుంటే 17 రూపాయలు. ఉతుకు, గంజి, ఇస్త్రీకి 10, ప్యాకింగుకి 8. మొత్తం 260. నూటికి ఆరు ముక్కలు తనిఖీలో పోతాయి, వాటి ఖర్చు మిగతా తొంభైనాలుగు మొయ్యాలి కాబట్టి 277. అద్దె, కరెంటు, ప్రయాణాలకి పదిహేను శాతం వేస్తే 318. పది శాతం మిగులు పెడితే 350. ఇవి నేను ఉదాహరణకి వేసిన అంకెలు. నీ నూలు ధర, నీ గంటలు పెట్టి మళ్ళీ కట్టు. కొనేవాడు 280కి అడిగితే ఇవ్వకు. ఆ తేడా అల్లేవాళ్ళ కూలిలోంచి తప్ప ఇంకెక్కడినించీ రాదు.

ఇప్పుడు పెట్టుబడి. నెలకి 200 డాయిలీలంటే చేతిలోంచి వెళ్ళేది 52,000. అల్లడానికి నెల, ఉతికి సర్ది పంపేసరికి పదిహేను రోజులు, సరుకు అందాక కొనేవాడు 75, 90 రోజులకి గాని డబ్బు పంపడు. ఈలోపు తరవాతి నెలల కూలి మీరే ఇవ్వాలి. సుమారు నాలుగు నెలల ఖర్చు, అంటే రెండు లక్షల ఎనిమిది వేలు, ఎప్పుడూ బయటే తిరుగుతూ ఉంటుంది. మొదటి ఏడాదికి ఆ 200 చాలు. రోజుకి నాలుగు గంటలు, నెలకి 25 రోజులు అల్లితే పదిమందికి సరిపోయే పని, మనిషికి 4,500. మీటింగుకి అరవైమంది వచ్చారని అరవైమందికీ నూలు పంచేస్తే నాలుగు లక్షలూ ఒక్క ఆర్డరులో ఇరుక్కుంటాయి, రెండో నెలలోనే కూలి ఆగిపోతుంది. ఒకసారి కూలి ఆగిన గుమ్మానికి మళ్ళీ మీ మాట ఎక్కదు. విదేశీ ఆర్డరుకి సగం అడ్వాన్సు అడుగు. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయిస్తే మన దేశంలో కొనేవాడు, ఒప్పందం రాసుకున్నా సరే, 45 రోజులు దాటకుండా చెల్లించాలని చట్టం ఉంది.

నూలు తూకంలో ఇచ్చి లేసు తూకంలో తీసుకోవడం ఇక్కడి ఆనవాయితీ. గొడవలన్నీ ఇక్కడే. పత్తి నూలు గాలిలో తేమ పీల్చుకుంటుంది. వానాకాలంలో తూచి ఇచ్చిన నూలు ఎండ కాచాక తక్కువ తూగుతుంది. ఆ తరుగు అల్లిన ఆమె నూలు దాచుకుందనే నింద కింద మారి కూలిలో కోత పడుతుంది. కాబట్టి గంజి పెట్టకముందే తూచండి, మూడు శాతం దాకా తేడా వదిలెయ్యండి, తూకం ఆమె ఎదుటే వెయ్యండి, ఇచ్చిన గ్రాములు, తెచ్చిన గ్రాములు ఆమె చేతి పుస్తకంలో రాయండి. దొంగత్రాసు దేవుడికి అసహ్యమన్న మాట ఆదివారం వినేవాళ్ళం మనం, సోమవారం కాటా దగ్గర అది కనబడాలి. కూలి శనివారం శనివారం, ఆమె సొంత బ్యాంకు ఖాతాలోకే వెయ్యండి.

తనిఖీ నల్లగుడ్డ మీద చెయ్యాలి. తెల్లబల్ల మీద పెడితే తప్పిన కుట్టు కనబడదు. అట్ట మీద పన్నెండంగుళాల వలయం గీసి, డాయిలీ పరిచి, రెక్కల కొసలు గుండుసూదులతో గీత మీదికి లాగు. ఒక్క రెక్క అందకపోయినా ఆ వరసలో కుట్టు తప్పిందన్నమాట, వెనక్కి లెక్కపెట్టు. నడిమి రింగు లాగి చూడు, వదులైతే మూడో ఉతుక్కి విడిపోతుంది. నూలు కొస ముడివేసి కత్తిరించకుండా, కనీసం అంగుళం మేర కుట్లలోకి దూర్చాలి. టేబుల్‌క్లాత్ అయితే ఇంకో చిక్కు: ఒకామె చెయ్యి బిగువు, ఇంకొకామెది వదులు. ఒకరి పువ్వు నాలుగంగుళాలు, ఇంకొకరిది నాలుగున్నర. రెండూ కలిపి అతికితే గుడ్డ మధ్యలో ఉబ్బుతుంది, ఇస్త్రీతో పోదు. ఒక టేబుల్‌క్లాత్ పువ్వులన్నీ ఒకే చేతివి కావాలి. నూలు కూడా ఒకే లాటుది, అంటే మిల్లులో ఒకేసారి తయారైనది. ఇవాళ కలిసిపోయినట్టున్న రెండు తెలుపులు ఉతికాక పాలరంగూ మీగడరంగూ అయి విడివిడిగా తేలతాయి.

మరకలు చాలావరకు వంటింటివే. పసుపు చేత్తో ముట్టిన మచ్చ సబ్బుతో సరిగా పోదు, తడిపి ఎండలో వేస్తే వెలుస్తుంది. తుప్పు మరక అలా పోదు. మన ఉప్పుగాలికి ఉక్కు సూది వారంలో తుప్పు పడుతుంది, నూనెగుడ్డలో చుట్టి దాచుకుని, పనికి ముందు శుభ్రంగా తుడవమను. గంజి పెట్టిన సరుకు నిలవుంచితే పురుగు, వానల్లో బూజు. పంపే వారంలోనే గంజి పెట్టు.

సంఘం డబ్బులోంచి మొదటి ఖర్చు కళ్ళద్దాలకి పెట్టు. నలభై దాటిన ఆడవాళ్ళు కన్ను ఆనక పని వదిలేస్తున్నారు, నేర్పు పోయి కాదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటినవాళ్ళకి దగ్గరిచూపు అద్దాలిచ్చి చూసిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది, అద్దాలు లేనివాళ్ళతో పోలిస్తే వాళ్ళ కోత సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. లేసుకి ఇంకా సన్నని చూపు కావాలి.

సంస్థని రెండుగా పెట్టుకోండి. శిక్షణ, కళ్ళద్దాలు, నమూనాలు చూసే ట్రస్టు ఒకటి. కొని అమ్మే పని అల్లేవాళ్ళే వాటాదార్లుగా ఉండే ప్రొడ్యూసర్ కంపెనీకి. దానికి పదిమంది ఉత్పత్తిదార్లు, ఐదుగురు డైరెక్టర్లు చాలు, నీ మొదటి పదిమందే సరిపోతారు. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ పెట్టమని సలహాలొస్తాయి. అందులో లాభం సభ్యులకి పంచకూడదు, ఆడవాళ్ళు ఎప్పటికీ కూలీలుగానే ఉండిపోతారు. విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు డబ్బు పంపుతామంటే తొందరపడకు. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్‌కి సంస్థకి మూడేళ్ళ వయసు, ఆ మూడేళ్ళలో పదిహేను లక్షల సేవా ఖర్చు చూపించాలి. వచ్చే డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోకే రావాలి. 2020 సవరణ తరవాత దాన్ని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యకూడదు, కాబట్టి ట్రస్టుకి వచ్చింది కంపెనీ కూలికి వాడదామనుకోవద్దు.

సంఘం హాలు ఉచితంగా ఇస్తున్నారు కదా, అయినా కాగితం రాయించుకో, పాస్టరుగారు బదిలీ అయితే తాళం మారుతుంది. ఆయన్ని కోశాధికారిగా పెట్టొద్దు, ఆయన మంచితనానికీ అదే రక్ష. పనికి ముందు ప్రార్థన చేసుకోండి, రానివాళ్ళ నూలు మాత్రం ఆపొద్దు. గుడికి వెళ్ళే ఆమె లేసూ, మసీదు వీధి ఆమె లేసూ ఒకే కాటాలో, ఒకే ధరకి తూగాలి.

అమ్మేటప్పుడు ఆడవాళ్ళ పేదరికం చూపించి అమ్మకు. జాలికి కొన్నవాళ్ళు రెండోసారి కొనరు. నరసాపురం క్రోషే (కొక్కెం సూదితో అల్లే) లేసుకి 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, అధీకృత వినియోగదారుగా నమోదైతే ఆ గుర్తు మీరూ వాడుకోవచ్చు. బజారులో మెషీన్ క్రోషే అని అమ్మేది వేరే అల్లిక, అసలు క్రోషే చేత్తో అల్లేదే. చీర అంచుల మీటర్ల సరుకులో యంత్రంతో పోటీకి దిగకుండా డాయిలీలు, కాలర్లు, పసిపిల్లల టోపీల్లాంటి విడి ముక్కల మీద ఉండు.

కంపెనీ కాగితాలు పండగయ్యాక చూసుకోవచ్చు. ముందు ఆ ముగ్గురి చేతా డాయిలీ అల్లించి, గంటలూ గ్రాములూ రాసి పంపు, ధర కలిసి కడదాం. నూలు కొన్న చీటీ కూడా జతచెయ్యి, లాటు నంబరు కనబడేలా.

మీ అత్తయ్య